ఇరవై అడుగుల హలో

మా ఇంటికి ఫోన్ వచ్చిన కొత్తలో దాన్ని ఎత్తే తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉండేది. నాన్న కింది గొంతుతో, వాక్యం చివర చుక్క పెట్టినట్టు, ఒక్కసారే "హలో" అనేవాడు. అమ్మ "హలో... ఎవరండీ?" అని రాగం తీసేది. అన్నయ్య "యా, హలో" అని మొదలుపెట్టి, నాన్న చూపు తగలగానే ఆ "యా"ని మింగేసేవాడు. బామ్మ మాత్రం కేకేసేది. రిసీవర్ని చెవికి ఆనించుకునేది కాదు. మూరెడు దూరంలో పట్టుకుని, ఏటి అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచినట్టు "హలోఓఓ!" అనేది.

మేం పడీ పడీ నవ్వేవాళ్లం. "అంత అరిస్తే ఇంక ఫోనెందుకు బామ్మా, కిటికీ తీసి మాట్లాడొచ్చు" అని అన్నయ్య ఏడిపించేవాడు. ఆవిడ ఏమాత్రం పట్టించుకునేది కాదు. "అంత దూరానికి వెళ్లాలి కదరా మాట" అనేది.

అది నల్లటి ఫోన్. రిసీవర్ ఎంత బరువుండేదంటే, పెద్దవాళ్లు కబుర్లలో పడితే మధ్యలో చెయ్యి మార్చుకునేవాళ్లు. మాట్లాడేవైపు గుండ్రటి చిల్లులు. వాటి దగ్గర ముక్కు పెడితే ఇంటిల్లిపాది ఊపిరీ కలిసినట్టు ఒక వాసన. ఎత్తగానే టక్‌మని చిన్న చప్పుడు, ఆ వెంటనే ఒక్క క్షణం ఏమీ ఉండదు. మనిషీ ఉండడు, గొంతూ ఉండదు, ఎక్కడో సన్నగా గాలి వీస్తున్నట్టు ఉంటుంది. ఆ క్షణంలోకే హలో పడాలి. అది తెలియకపోతే ఏమవుతుందో నాకు అయిదారేళ్ల వయసులోనే తెలిసొచ్చింది.

ఇంట్లో ఎవరి పనుల్లో వాళ్లున్నారు. ఫోన్ మోగుతోంది. స్టూల్ ఎక్కి మొదటిసారి నేనే ఎత్తాను. ఏమీ అనలేదు. అనాలని తెలియదు. కాసేపయ్యాక ఎవరో మగగొంతు "హలో" అంది. నేను వింటున్నాను. "నాన్నగారున్నారా అమ్మా?" అన్నాడాయన. ఉన్నాడని తలూపాను. "హలో? ఉన్నారా?" ఈసారి ఇంకా గట్టిగా తలూపాను. "హలో... హలో..." అని నాలుగైదుసార్లు అన్నాడు పాపం. ఎన్నిసార్లు తలూపినా ఆయనకి చాలడం లేదని విసుగొచ్చి ఫోన్ పెట్టేసి, నాన్న దగ్గరికెళ్లి "ఎవరో నువ్వున్నావా అని అడిగారు, ఉన్నావని చెప్పాను" అన్నాను.

ఆ సాయంత్రం నాన్న నాకు పాఠం చెప్పాడు. ఫోన్ ఎత్తగానే ముందు హలో అనాలి, అంటే ఇక్కడ మనిషి ఉన్నాడని వాళ్లకి తెలుస్తుంది అన్నాడు. మరి నమస్కారం అనొచ్చుగా అని అడిగాను, స్కూల్లో అప్పుడే నేర్పినట్టున్నారు. నాన్న కాసేపు ఆలోచించి, "నమస్కారం ఎవరో తెలిశాక పెడతాం. హలో ఎవరో తెలియకముందు అంటాం" అన్నాడు.

నాన్న ఆ మాట ఏ పుస్తకంలోంచీ తెచ్చి చెప్పలేదు, నాకు తెలుసు. కానీ తర్వాత ఎన్నేళ్లకో ఈ హలో పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకుంటూ కూర్చున్నప్పుడు, ప్రతి మలుపులోనూ నాకు ఆ మాటే ఎదురైంది. దాంతో పాటు బామ్మ కేక కూడా.

ఫోన్లో పలికిన మొట్టమొదటి వాక్యంలో అసలు పలకరింపే లేదు. 1876 మార్చి 10న బోస్టన్‌లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన సహాయకుణ్ణి తీగ మీద పిలిచాడు. "మిస్టర్ వాట్సన్, ఇలా రండి, మిమ్మల్ని చూడాలి." అంతే. హలో లేదు, బాగున్నారా లేదు, సరాసరి పని. మా బంధువుల్లో కూడా ఇలాంటి ఆయన ఒకరున్నారు. ఫోన్ ఎత్తామో లేదో "ఆ కాయితాలు పంపావా?" అంటాడు. ఇన్నాళ్లూ ఆయనకి మర్యాద తెలియదనుకున్నాను. ఆయనది బెల్ సంప్రదాయమన్నమాట.

అప్పట్లో పలకరింపు అక్కర్లేదు కూడా. పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరు మనుషులు, ఇద్దరికీ అవతల ఎవరున్నారో తెలుసు. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. 1877లో ఫోన్లని జంటలుగా అద్దెకిచ్చేవారు. ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఒక తీగ, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. లైన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, మోగడానికి గంట లేదు. మరి అవతలి గదిలో మనిషి ఉన్నాడో, పక్కకి వెళ్లాడో ఎలా తెలియాలి? కొంతమంది లోపలున్న పలుచటి రేకుని పెన్సిల్‌తో టకటకా కొట్టేవాళ్లు. అవతల ఆ చప్పుడు వినపడేది నిజమే, కానీ దెబ్బలకి రేకు పాడయ్యేది. చివరికి వాట్సనే కూర్చుని ముందు చిన్న సుత్తిలాంటి ఏర్పాటు చేశాడు, తర్వాత బజర్ పెట్టాడు, ఆ తర్వాత ఈ చివర పిడి తిప్పితే ఆ చివర మోగే గంట తెచ్చాడు.

ఆ గంట ఇంకా రాకముందే ఎడిసన్ తన దారిలో తను ఆలోచించాడు. 1877 ఆగస్టు 15న పిట్స్‌బర్గ్‌లో టెలిగ్రాఫ్ కంపెనీ నడుపుతున్న టి.బి.ఎ. డేవిడ్ అనే ఆయనకి ఒక చిన్న ఉత్తరం రాశాడు. మనకి పిలుపు గంట అవసరం రాదనుకుంటాను, హలో అంటే పది ఇరవై అడుగుల దూరం వినపడుతుంది, మీరేమంటారు అని అందులో సంగతి. ఫోన్‌కి హలోని జతచేసిన కాగితాల్లో దొరికినంతవరకూ మొదటిది ఇదే. నూరేళ్లు దాటాక, బ్రూక్లిన్ కాలేజీలో ప్రాచీన భాషలు బోధించే అలెన్ కోనిగ్స్‌బర్గ్ అనే ప్రొఫెసర్ దీన్ని టెలిఫోన్ కంపెనీ పాత కాగితాల్లోంచి బయటికి తీశాడు.

పది ఇరవై అడుగులు. ఆ అంకె చదవగానే నేను ముందు నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎడిసన్ చెప్పిన హలో చెవిలో చెప్పే హలో కాదు. బల్ల మీద ఉన్న పెట్టెలోంచి గది అవతలి మూల కూర్చున్న మనిషి ఉలిక్కిపడి లేచి వచ్చేలా వేసే కేక. గంటకి బదులు గొంతు. మా ఇంట్లో నాన్నా అమ్మా అన్నయ్యా నేనూ అందరం తర్వాతి కాలపు హలో అంటుంటే, అసలు హలో అన్నది బామ్మ ఒక్కతే.

ఎడిసన్‌కి చెవులు సరిగా వినపడవు. అలాంటి మనిషికి గుసగుస కన్నా కేక మీద నమ్మకం ఉండటంలో వింతేముంది? ఆ ఏడాది జూలైలోనే, మైనం పూసిన కాగితం పట్టీ మీద శబ్దాన్ని గీయించే ప్రయోగంలో కూడా ఆయన అందులోకి "హలూ" అని అరిచాడని చెప్తారు. అంటే ఆ మాట అప్పటికే ఆయన నోట్లో నానుతున్నదే. నిజానికి ఇంగ్లీషు అచ్చులో హలో 1820ల నుంచీ కనిపిస్తుంది. కానీ మనుషులు ఎదురుపడి పలకరించుకోవడానికి కాదు. ఎవరినైనా ఆపడానికి, లేదా "అరె, ఇదేంటి!" అని ఆశ్చర్యపోవడానికి. ఇంకా వెనక్కి వెళ్తే హలో, హాలో, హలూ అన్నీ దూరాన్నున్నవాళ్లని పిలిచే కేకలే. దాని చుట్టరికాన్ని నిఘంటువులు పాత జర్మన్ మాటల దాకా తీసుకెళ్తాయి. ఆ మాట ఎక్కువగా దేనికి వాడేవారో తెలుసా? ఏటి ఒడ్డున నిలబడి అవతలున్న పడవవాణ్ణి పిలవడానికి.

మరి బెల్ ఏమన్నాడు? ఆయనకి హలో నచ్చలేదు. ఆయన మాట "అహోయ్". ఓడల వాళ్లు ఒకరినొకరు పిలుచుకునే కేక అది. చూశారా, ఈయన సముద్రం దాకా వెళ్లాడు తప్ప మర్యాద దాకా వెళ్లలేదు. ఇద్దరికీ కావాల్సింది ఒక్కటే, నీళ్ల అవతలి మనిషి తల తిప్పాలి. బెల్ చివరివరకూ హలోకి లొంగలేదంటారు. లోకం మాత్రం ఎప్పుడో లొంగిపోయింది.

ఇక్కడ మా బాబాయ్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండుసార్లయినా ఆయన ఒక ఫార్వర్డ్ పెడతాడు. గ్రాహం బెల్ ప్రియురాలి పేరు మార్గరెట్ హలో అట, ఫోన్ కనిపెట్టగానే ఆమెకే మొదటి కాల్ చేసి ఆమె పేరు పలికాడట, "మనం ఆయన్ని మర్చిపోయినా ఆమెని రోజూ తలుచుకుంటున్నాం" అట. కింద గులాబీ పువ్వు బొమ్మ. మొదటిసారి చూసినప్పుడు నేను పెద్ద జవాబే రాశాను. బాబాయ్, బెల్ 1877 జూలైలో పెళ్లి చేసుకున్నది మేబుల్ హబ్బర్డ్‌ని, మార్గరెట్ హలో అనే మనిషే లేదు, ఉండి ఉంటే ఆయన అహోయ్ అని ఎందుకంటాడు అని. బాబాయ్ ఒక బొటనవేలు పంపించాడు. ఆర్నెల్లకి మళ్లీ అదే ఫార్వర్డ్, అదే గులాబీ.

అసలు కథ ఈ ఫార్వర్డ్ కన్నా గుండెని పట్టేస్తుంది. మేబుల్‌కి చిన్నప్పుడు, అయిదేళ్ల వయసులో, స్కార్లెట్ ఫీవర్ వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకునేది. బెల్ తల్లికి కూడా సరిగా వినపడేది కాదు. లోకానికంతటికీ దూరపు గొంతులు వినిపించిన మనిషి, ఫోన్ చేసి భార్యని పలకరించే వీలు లేదు. దీన్ని రాసి గ్రూపులో పెడదామని చాలాసార్లు అనుకున్నాను. గులాబీ పువ్వు ముందు నిలబడదని ఊరుకున్నాను.

హలో గెలవడానికి ప్రేమకథ అక్కర్లేకపోయింది, అందరి ఫోన్ తీగల్నీ ఒకచోట కలిపే ఎక్స్‌ఛేంజీలు చాలు. 1878 జనవరి 28న అమెరికాలో న్యూ హేవెన్‌లో మొదటి వ్యాపార ఎక్స్‌ఛేంజీ తెరిచారు, చందాదారులు 21 మంది. జార్జ్ కాయ్ అనే ఆయన ఆ స్విచ్‌బోర్డుని బండి బోల్టులతో, టీ కుండల మూతల పిడులతో తయారుచేశాడు. ఇప్పుడు చిక్కు ఇంకో రకం. ఇద్దరి మధ్య తీగ కాదు, ఎవరు ఎవరికైనా చెయ్యొచ్చు. ఎత్తితే అవతల ఎవరో తెలియదు. నాన్న చెప్పినట్టు, నమస్కారం పెట్టడానికి ముందు ఒక మాట కావాలి. ఆ నవంబర్‌లో వాళ్లు వేసిన డైరెక్టరీలో ఎలా మాట్లాడాలో కూడా అచ్చువేశారు. "హలోవా" అని మొదలుపెట్టాలి, అయిపోయాక "అంతే" అనాలి. ఒక్కో విడత మూడు నిమిషాలకి మించి మాట్లాడకూడదు. మూడు నిమిషాల నియమం మా అన్నయ్య కాలేజీ రోజుల్లో మా ఇంట్లో కూడా ఉండేది. నాన్న గోడ గడియారం వైపు చూసేవాడు, అన్నయ్య గోడ వైపు తిరిగేవాడు. "అంతే" అనడం మాత్రం ఎక్కడా నిలవలేదు. ముగించే మాట విషయంలో మనుషులు ఎవరి మాటా వినలేదు. ఉంటాను మరి, సరే అయితే, ఉండనా, ఇంక పెట్టెయ్యనా అంటూ ఇప్పటికీ ఒక్కో ఫోన్ ముగియడానికి నాలుగు వీడ్కోళ్లు పడతాయి.

డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఒక కంపెనీలో ఫోన్లెత్తడం. కంపెనీ పేరెందుకులెండి. నాలుగు లైన్లు, ఇరవై నాలుగు ఎక్స్‌టెన్షన్లు, నా ముందు ఎర్ర దీపాల బోర్డు. మొదటి రోజే మేనేజర్ చెప్పిన మాట, హలో అనకూడదు. గుడ్ మార్నింగ్, ఆ వెంటనే కంపెనీ పేరు, ఆ వెంటనే ఏం సహాయం కావాలి అని అడగాలి. మూడో రింగు దాటకూడదు. అంతా ఒకే ఊపిరిలో, నవ్వుతూ. "నవ్వు వినపడుతుందమ్మా" అనేవాడాయన. ఫోన్‌లో నవ్వెలా వినపడుతుందని మొదట్లో అనుకున్నాను గానీ, వినపడుతుంది. మూతి బిగించుకుని అన్న గుడ్ మార్నింగ్ వేరు.

హలో మీద ఈ కోపం కొత్తదేమీ కాదని తర్వాత తెలిసింది. తొలినాటి టెలిఫోన్ కంపెనీలే, తమ బతుకుతెరువు దాని మీద ఉన్నా, హలోని మొరటు మాటగా చూశాయి. ఎవరింటి తలుపైనా తట్టి లోపలికి తల పెట్టి "హలో, ఎవరూ?" అని అరుస్తారా, పేరు చెప్పుకోండి అని జనానికి బుద్ధులు చెప్పాయి. జనం వినలేదు. చివరికి ఎక్స్‌ఛేంజీలో కూర్చునే అమ్మాయిలకే "హలో గర్ల్స్" అని పేరు పెట్టేశారు.

ఆ అమ్మాయిల కథ నాకు దగ్గరిది కాబట్టి కాస్త ఎక్కువే చదివాను. మొదట్లో ఎక్స్‌ఛేంజీల్లో కుర్రాళ్లుండేవారు, టెలిగ్రాఫ్ ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు. టెలిగ్రాఫ్‌లో ఎంత తిట్టుకున్నా అవతలివాడికి వినపడదు, ఇక్కడ వినపడింది. చందాదారులతో పోట్లాటలు, వెక్కిరింపులు. అందుకని 1878 సెప్టెంబర్ 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆమెని తీసుకున్నారు. మహిళా ఆపరేటర్లలో మొదటిది ఆమే. కొద్ది గంటల తేడాతో ఆమె తోబుట్టువు స్టెల్లా కూడా చేరింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఇంగ్లీషూ ఫ్రెంచీ రెండూ వచ్చిన ఆపరేటర్లని 200 మందికి పైగా ఫ్రాన్స్‌కి పంపింది. ఫిరంగుల చప్పుడు వినపడే చోట కూర్చుని సేనాధిపతుల మాటలు కలిపారు. యుద్ధం అయ్యాక మాత్రం మీరు సైనికులు కాదు పొమ్మన్నారు. వాళ్లని మాజీ సైనికులుగా ఒప్పుకుంటూ చట్టం వచ్చింది 1977లో. అప్పటికి చాలామంది లేరు. ఆ పేరా చదివిన రోజు నాకు పనిమీద మనసు నిలవలేదు.

నా ఉద్యోగంలో ఫిరంగులేం లేవు గానీ, పరువు పోయే సందర్భాలకి కొదవలేదు. ఒకసారి మేనేజర్ ఇటలీకి కాల్ కలపమన్నాడు. నంబర్ తిప్పాను, అటునుంచి ఒకాయన గంభీరంగా "ప్రోంటో" అన్నాడు. నేను చాలా వినయంగా లైన్ హోల్డ్‌లో పెట్టి, "సార్, ప్రోంటో గారు లైన్లో ఉన్నారు" అన్నాను. మేనేజర్ కూడా నాలాంటివాడే, "గుడ్ మార్నింగ్ మిస్టర్ ప్రోంటో" అన్నాడు. ప్రోంటో అంటే సిద్ధం అని అర్థం. నేను సిద్ధం, మాట్లాడండి అని. ఇటలీలో ఫోన్ ఎత్తిన ప్రతివాడూ ప్రోంటోయే.

ఆ సిగ్గులోంచే నాకు ఈ పిచ్చి పట్టుకుందేమో. ఏ భాషవాళ్లు ఫోన్ ఎత్తి ఏమంటారో ఒక పాత డైరీ వెనక పేజీల్లో రాసుకోవడం మొదలుపెట్టాను. స్పెయిన్‌లో "చెప్పండి" అని అర్థం వచ్చే మాట అంటారు. మనం హలో తర్వాత "ఆఁ, చెప్పండి" అంటామే, వాళ్లు అక్కడే మొదలుపెడతారు. పోర్చుగల్‌లో "ఉన్నాను" అంటారు. నాన్న నాకు నేర్పిన అర్థం అచ్చంగా అదే. రష్యన్లు "వింటున్నాను" అనడం కద్దు. జర్మన్లు ఏమీ అనరు, తమ ఇంటిపేరు చెప్పేస్తారు. టెలిఫోన్ కంపెనీల కల ఫలించిన దేశం అదొక్కటే అనిపిస్తుంది. మెక్సికోలో "బ్వేనో" అంటే "మంచిది" అని. పాత రోజుల్లో లైన్ బాగుందా లేదా అని సరిచూసుకునే మాట అలా నిలిచిపోయిందని చెప్పుకుంటారు. ఫ్రెంచివాళ్ల "ఆలో" ఇంకా తమాషా. అది ఫోన్‌కి మాత్రమే. ఎదురుపడిన మనిషిని ఆలో అని పలకరించరు.

జపాన్ వాళ్ల "మోషి మోషి" నాకు అన్నిటికన్నా ఇష్టం. మనవి చేస్తున్నాను అనే వినయపు క్రియ నుంచి వచ్చింది, దాన్ని రెండుసార్లంటారు. 1890లో టోక్యో, యోకొహామాల మధ్య ఫోన్ మొదలైన కొత్తలో "ఓయ్ ఓయ్" అనేవారట. అంటే వాళ్లూ ముందు కేకతోనే మొదలుపెట్టారు, తర్వాత మెత్తబడ్డారు. రెండుసార్లు ఎందుకంటే, మనిషి వేషం వేసుకుని వచ్చిన మాయనక్క ఆ మాటని రెండోసారి పలకలేదని వాళ్ల జానపదుల నమ్మకం. అవతల ఉన్నది మనిషేనా అని సరిచూసుకోవడం ఫోన్ కన్నా పాతదన్నమాట. హంగరీవాళ్లయితే హలోనే తమది అంటారు. ఎడిసన్ దగ్గర పనిచేసిన తివదార్ పుష్కాష్ అనే వాళ్ల ఇంజనీరు ఫోన్‌లో "హల్లోమ్", అంటే వినపడుతోంది, అన్నాడని కథ. బాబాయ్ ఫార్వర్డ్ లాంటిదే అయినా, ఇందులో గులాబీ పువ్వు లేదు కాబట్టి నాకు కొంచెం ముద్దొస్తుంది.

ఆఫీసు అలవాటు ఇంటిదాకా వచ్చిన కథ ఒకటుంది. ఓ ఆదివారం మధ్యాహ్నం గాఢనిద్రలో ఉండగా ఫోన్ మోగింది. లేచి ఎత్తి, కళ్లు తెరవకుండానే గుడ్ మార్నింగ్, కంపెనీ పేరు, ఏం సహాయం కావాలి, మొత్తం అప్పజెప్పేశాను. నవ్వుతూనే. అవతల నిశ్శబ్దం. తర్వాత "సారీ అండీ, రాంగ్ నంబర్" అని ఒక మర్యాదైన గొంతు, టక్. నిమిషంలో మళ్లీ మోగింది. ఈసారి హలో అన్నాను. అటునుంచి నాన్న. ఊరెళ్లినవాడు అక్కణ్ణుంచి చేస్తున్నాడు. "ఏమిటో, ఇందాక ఏదో ఆఫీసుకి వెళ్లిందమ్మా ఫోను. ఆదివారం కూడా పనిచేస్తున్నారు పాపం" అన్నాడు. అది నేనేనని ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ "అండీ" నా చెవిలో ఉండిపోయింది. నేనెవరో తెలియనప్పుడు నాన్న గొంతు ఎలా ఉంటుందో విన్నది ఆ ఒక్కసారే.

విదేశాల నుంచి పెద్దత్తయ్య కొడుకు చేసే కాల్స్ ఇంకో ప్రహసనం. ఉపగ్రహం మీదుగా వెళ్లే మాట 36,000 కిలోమీటర్లు పైకెక్కి మళ్లీ దిగాలి. పోవడానికి పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు. లెక్కకి చిన్నదే, మాట్లాడే ఇద్దరి మధ్య అదే పెద్ద గొయ్యి. ఇద్దరూ ఒకేసారి హలో అంటారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని మళ్లీ ఢీకొంటారు. పైగా మన హలో మనకే తిరిగొచ్చేది. బామ్మ ఒకసారి కేకేసి, తన కేకే చిన్నదై వెనక్కి వస్తే విని, రిసీవర్ మీద చెయ్యి మూసి మాతో రహస్యంగా, "మధ్యలో ఎవరో ముసలావిడ వింటోందర్రా" అంది.

ఇక "నేనెవరో చెప్పుకో చూద్దాం" ఆట. ఫోన్ ఎత్తి హలో అంటే అటునుంచి పేరు చెప్పరు, "గుర్తుపట్టావా?" అంటారు. ఈ ఆటలో చిన్నత్తయ్యని మించినవాళ్లు లేరు. అమ్మకి చెమటలు పట్టేవి. ఒకసారి తొందరపడి తప్పు పేరు చెప్పింది. చెప్పింది కూడా ఎవరి పేరనుకున్నారు, చిన్నత్తయ్యకి పడని తోటికోడలి పేరు. అటునుంచి పొడిగా "మా గొంతు కూడా మర్చిపోయావన్నమాట వదినా" అన్న మాట ఫోన్‌కి రెండడుగుల దూరంలో ఉన్న నాకే వినపడింది. ఆ తర్వాత మూణ్నెల్లు మా ఇంట్లో అమ్మ ఫోన్ ఎత్తడం మానేసింది.

ఆ ఆట ఇప్పుడు లేదు. ఫోన్ మోగకముందే తెర మీద పేరు, ఫొటో. హలో అనకుండానే "ఆఁ, చెప్పరా" అనేస్తాం. తెలియని నంబరైతే అసలు ఎత్తం. ఎత్తినా మనం మాట్లాడం, అవతలివాణ్ణి ముందు అననిస్తాం. నేను స్టూల్ ఎక్కి చేసిన పనే ఇప్పుడు అందరూ చేస్తున్నారు, తలూపడం ఒక్కటి తక్కువ. ఎవరో తెలియకముందు అనే మాట హలో అని నాన్న అన్నాడే, ఆ తెలియకపోవడమే పోయింది. మా అన్నయ్య కొడుకు ఒకరోజు నన్నడిగాడు, "అత్తా, నేనే చేశానని కనిపిస్తోంది కదా, మరి హలో అని ప్రశ్నలా ఎందుకంటావ్?" అని. ఏం చెప్పాలో తోచలేదు. అలవాటు అన్నాను.

అయినా హలోకి ఇంకో పని మిగిలే ఉంది. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఫోన్ ఎత్తగానే "ఉన్నారా?" అని అడిగేవారు. ఇప్పుడు మా ఆన్‌లైన్ మీటింగుల్లో తెర మీద పన్నెండు మొహాలు కనపడుతుండగా మొదటి రెండు నిమిషాలూ అదే గోల. "వినిపిస్తోందా? హలో, నా మాట వినిపిస్తోందా?" మొహం కనపడుతోంది, పేరు కనపడుతోంది, గొంతు ఉందో లేదో తెలియదు. ఆ పెన్సిల్‌తో రేకు మీద కొట్టినవాళ్లు గుర్తొస్తారు నాకు, మైకు మీద వేలితో టకటకమనిపించేవాళ్లని చూస్తే.

పోయిన ఆదివారం అమ్మకి వీడియో కాల్ చేశాను. అమ్మకిప్పుడు బామ్మ వయసు. ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుంటే మొహం కనపడదని మేమే నేర్పాం కాబట్టి, చెయ్యి బారుగా చాచి మూరెడు దూరంలో పట్టుకుంది. తెర నిండా సగం నుదురు, వెనక తిరుగుతున్న ఫ్యాన్. నా పేరు, నా మొహం రెండూ ఆమె ఎదురుగానే ఉన్నాయి.

"హలోఓఓ!" అంది.

వినిపిస్తోందమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు. ఇంకొంచెం దూరం జరిపి, మళ్లీ పిలిచింది.